జీడిపప్పు బోర్మాలో ఇన్‌ఫ్రారెడ్ ఫైబర్ పెట్టాను, రీడింగ్ కదలడం లేదు. మోసపోయానా?

ఉద్దానం_పిక్క (పలాస)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మాది పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్. నాన్నగారు పెట్టినది, డిప్లొమా అయ్యాక నేనూ అందులోనే దిగాను. పిక్క ఉడికించి, కొట్టి, పప్పు తీశాక పొట్టు ఊడాలంటే బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, ఆరబెట్టాలి కదా, మేం 70, 75 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు పెడతాం. తలుపు మీదున్న మీటరు ఎప్పుడు చూసినా బుద్ధిగా 70 చూపిస్తుంది. వెనక మూల ట్రేలలో పప్పు మాత్రం ఎర్రబడి వస్తోంది. 240 గ్రేడు గుళ్లు కావాల్సినవి స్కార్చ్‌డ్ (మాడిన రకం) కింద పడిపోతే కిలోకి ఎంత పోతుందో ఈ చుట్టుపక్కలవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

లోపల థర్మోకపుల్ వేలాడదీశాను. అది గాలి వేడి చెబుతోంది గానీ పప్పు వేడి కాదు, పైగా ట్రాలీ లోపలికి తోసినప్పుడల్లా వైరు చక్రాల్లో పడి తెగుతోంది, ఇప్పటికి మూడు పోయాయి. తలుపు తీసి, దూరం నుంచే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూద్దామంటే లోపలి వేడంతా బయటికి పోతుంది, నాన్నగారు కేకలేస్తారు.

మా బావ గరివిడి వైపు ఫెర్రో అల్లాయిస్‌లో పనిచేస్తాడు. "మా దగ్గర ఫర్నేస్ వేడి ఫైబర్ పెట్టే చూస్తాం, నువ్వూ ఒక ఫైబర్ లోపలికి దూర్చి ఇవతల సెన్సర్ పెట్టు" అన్నాడు. మొదట మా వీధి కేబుల్ కుర్రాడి దగ్గర నెట్ కనెక్షన్‌కి వాడే ఫైబర్ ముక్క అడిగి తెచ్చి, గన్‌లోంచి ఊడదీసిన సెన్సర్ ముందు బిగించాను. ఏమీ లేదు. సరే అది నెట్ కోసం చేసింది, వేరేది కావాలేమో అనుకుని, ఆన్‌లైన్‌లో "ఇన్‌ఫ్రారెడ్ ఫైబర్, 400 మైక్రాన్ల కోర్, తక్కువ ఓహెచ్" అని రాసి ఉన్నది మీటరున్నర తెప్పించాను. తక్కువేం కాదు, రెండు బస్తాల పిక్క కొట్టించే కూలి అంత అయ్యింది. దాన్నీ బిగించాను. చివర బోర్మాలో ఉన్నా, ఐసు గ్లాసులో ఉన్నా, 33 అంటుంది. గది వేడి కూడా 33.

ఫైబర్ విరిగిందేమో అని టీవీ రిమోట్ ఒక చివర పెట్టి, రెండో చివర ఫోన్ కెమెరాతో చూశాను. బటన్ నొక్కితే ఊదారంగు చుక్క చక్కగా మెరుస్తోంది. అంటే ఇన్‌ఫ్రారెడ్ అటునుంచి ఇటు వస్తున్నట్టే కదా? మరి పప్పు వేడి ఎందుకు రావడం లేదు? అమ్మినవాడు మోసం చేశాడా, నేనే ఏదో తప్పు చేశానా?

ఫర్నేస్_పక్కన (గరివిడి)

తమ్ముడూ, మీ బావ చెప్పింది అబద్ధం కాదు. మేం వాడేదీ సిలికా ఫైబరే, నువ్వు కొన్నదానిలాంటిదే, కాకపోతే పైన స్టీలు గొట్టం తొడిగి ఉంటుంది. ట్యాపింగ్ అప్పుడు ఫెర్రో మాంగనీస్ కాలువలో దిగుతుంటే 1400 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ దరిదాపుల్లో కరెంటు పెట్టె పెడితే ఒక్క వేసవి కూడా బతకదు. అందుకే ముందు చిన్న లెన్స్, దాని వెనక ఫైబర్, పది పదిహేను మీటర్ల అవతల చల్లటి గదిలో డిటెక్టర్. మాకు వచ్చే తలనొప్పి ఫైబర్‌తో కాదు, పొగతో. లెన్స్ మీద మసి పట్టిందంటే వేడి తక్కువ చూపిస్తుంది, అందుకని దాని ముందు ఎప్పుడూ కంప్రెసర్ గాలి ఊదుతూ ఉండాలి. ఒకసారి ఆ గాలి పైపు ఊడిపోయింది, రెండు షిఫ్టులు ఎవరూ చూసుకోలేదు, మీటరు 1100 అంటుంటే ఫోర్‌మన్ గారు ఫర్నేసునే అనుమానించారు.

నీ దగ్గర ఎందుకు పనిచేయలేదో మాత్రం నాకు అర్థం కావడం లేదు. 70 డిగ్రీలు మరీ చల్లగా ఉందేమో. తెలిసినవాళ్లు చెప్తారు.

గాజుపురుగు (ఊరు బొబ్బిలి, ఉద్యోగం దూరం)

గరివిడి అన్న చివర్లో అన్న మాటే అసలు సంగతి. 70 డిగ్రీలు చల్లన. నేను ఈ గాజుల మీదే కొన్నేళ్లు పని చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, క్షమించాలి.

ముందు ఒకటి, నిన్నెవరూ మోసం చేయలేదు. "ఇన్‌ఫ్రారెడ్" అనే మాటే మోసం చేసింది. వెలుగు తరంగం పొడవును మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, చెబుతారు. కంటికి కనిపించే ఎరుపు 0.7 మైక్రాన్ల దగ్గర ఆగుతుంది, అక్కడినుంచి వెయ్యి మైక్రాన్ల దాకా ఉన్నదాన్నంతా ఇన్‌ఫ్రారెడ్ అనే అంటారు. శ్రీకాకుళం జిల్లా వాడా అని అడిగితే ఇచ్ఛాపురం వాడూ అవునంటాడు, రణస్థలం వాడూ అవునంటాడు, ఇద్దరి మధ్యా ఎంత దూరం ఉందో చూడు, అలాగ. నీ టీవీ రిమోట్ 0.94 మైక్రాన్లు. నీ ఇంటి నెట్ వచ్చేది 1.3, 1.5 మైక్రాన్ల దగ్గర. 75 డిగ్రీల పప్పు వెదజల్లే, కంటికి కనపడని వెలుగు ఎక్కువ భాగం ఎక్కడుంటుందో చూడాలంటే చిన్న లెక్క ఉంది: 2898ని కెల్విన్లలో ఉష్ణోగ్రతతో భాగించు. 75 డిగ్రీలంటే 348 కెల్విన్లు, వచ్చేది 8.3 మైక్రాన్లు. 1400 డిగ్రీల మాంగనీస్‌కి అదే లెక్క వేస్తే 1.7 మైక్రాన్లు.

ఇప్పుడు సిలికా ఫైబర్ దగ్గరికి వద్దాం. అది సుమారు 2.2 మైక్రాన్ల దాకా బాగా దారి ఇస్తుంది, ఆ తర్వాత తలుపు మూసుకుపోతుంది. 1400 డిగ్రీల వస్తువు వదిలే శక్తిలో నూటికి 40 వంతులకు పైగా ఆ 2.2 లోపలే ఉంటుంది. 75 డిగ్రీల వస్తువుకి? లక్షలో ఒక వంతు కూడా లేదు. అందుకే గరివిడిలో పండగ, పలాసలో పస్తు. ఆ వచ్చే రవ్వంత కూడా నీ సెన్సర్‌కి పట్టదు, ఎందుకంటే గన్ సెన్సర్ ముందు ఉండే ఫిల్టరు మామూలుగా 8 నుంచి 14 మైక్రాన్లదే రానిస్తుంది. ఫైబర్ పంపగలిగేది సెన్సర్ చూడదు, సెన్సర్ చూసేది ఫైబర్ పంపదు. ఆ 33 ఏమిటంటే నీ సెన్సర్ ఫైబర్ చివరను, దాని చుట్టూ ఉన్న బిగింపును చూసి వాటి వేడి చెబుతోంది, అవి గది వేడిలోనే ఉన్నాయి.

నమ్మకం కలగకపోతే ఇంట్లోనే చూసుకో. స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ పోసి, గన్ పైనుంచి టీ వైపు పెట్టు, 75 దాకా చూపిస్తుంది. మధ్యలో ఫొటో ఫ్రేములోని గాజు పలక అడ్డం పెట్టు. కంటికి టీ కనిపిస్తూనే ఉంటుంది, గన్‌కి మాత్రం గాజు తప్ప ఏమీ కనపడదు, గాజు వేడే చెబుతుంది. ఇప్పుడు గాజు తీసేసి, కిరాణా కొట్టు పల్చటి నల్ల పాలిథిన్ కవరు అడ్డం పెట్టు. కంటికి టీ కనపడదు, గన్‌కి చాలావరకు కనపడుతుంది. ఆవిరి తగిలి చెమ్మ పట్టకముందే చూడాలి. నేను ఈ ముచ్చట స్కూలు పిల్లలకు ఎప్పుడు చూపించినా, వాళ్ల మొహాలు చూడటానికే నాకు సరదా.

"తక్కువ ఓహెచ్" సంగతి కూడా. గాజులో ఇరుక్కున్న నీటి తాలూకు ఓహెచ్ 1.38 మైక్రాన్ల దగ్గర, 2.2 దగ్గర, 2.7 దగ్గర వెలుగును మింగుతుంది. దాన్ని ఎండబెట్టేసిన సిలికానే "ఇన్‌ఫ్రారెడ్ ఫైబర్" పేరుతో అమ్ముతారు. మామూలు సిలికా కంటే మంచిదే. కానీ ఎంత ఎండబెట్టినా సిలికా సిలికానే.

ఎందుకు మూసుకుపోతుందంటే, కావిడి మోసేవాళ్లను చూశావా. బిగువైన వెదురు బద్దకు ఖాళీ కుండలు కడితే టకటకా ఊగుతాయి. మెత్తటి బద్దకు నిండు కుండలు కడితే నెమ్మదిగా, పెద్ద పెద్దగా ఊగుతాయి. సిలికాలో సిలికాన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య బంధం బిగువు, ఆక్సిజన్ తేలిక. ఊగు వేగం ఎక్కువ. ఆ ఊగుకు సరిపడే వెలుగు 9 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అక్కడ గాజు మొత్తం మింగేస్తుంది, దాని రెట్టింపు, మూడింతల ఊగుల తోకలు పొట్టి తరంగాల వైపు పాకి 2.2 దాటినప్పటినుంచే పొడుగాటి ఫైబర్‌ను పనికిరాకుండా చేస్తాయి. కాబట్టి పొడుగు తరంగాలు పోవాలంటే బరువైన పరమాణువులు, మెత్తటి బంధాలు కావాలి. ఆక్సిజన్ తీసేసి ఫ్లోరిన్ పెడితే ఒక మెట్టు, గంధకం పెడితే ఇంకో మెట్టు, సెలీనియం, టెల్లూరియం పెడితే ఇంకా కిందికి.

ఫ్లోరైడ్ గాజు పుట్టుక అనుకోకుండా జరిగింది. 1974లో ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయంలో పూలాన్ సోదరులు, జాక్ లూకా లేజర్లకు పనికొచ్చే స్ఫటికాల కోసం జిర్కోనియం ఫ్లోరైడ్ కరిగిస్తుంటే స్ఫటికం బదులు గాజు వచ్చి కూర్చుంది. అదే తర్వాత జెడ్‌బ్లాన్ అయ్యింది: జిర్కోనియం, బేరియం, లాంథనం, అల్యూమినియం, సోడియం, ఐదింటి ఫ్లోరైడ్లు. ఫైబర్‌గా 4.5 మైక్రాన్ల దాకా పంపిస్తుంది. దీన్ని చల్లార్చేటప్పుడు స్ఫటికాలు కట్టేస్తుంటాయి, భూమి ఆకర్షణ లేకపోతే ఆ బెడద తగ్గుతుందని అంతరిక్ష కేంద్రానికి పట్టుకెళ్లి మరీ తీగ లాగుతున్నారు, 2024లో అక్కడ 5 కిలోమీటర్లకు పైగా తీశారు. కానీ నీకిది వద్దు. 4.5 లోపల 75 డిగ్రీల వస్తువు వదిలేది నూటికి రెండు వంతులు కూడా లేదు, పైగా తడి తగిలితే పాడవుతుంది, మీ బోర్మా గాలి నిండా పప్పు వదిలిన తేమే.

నీకు కావలసినవి దాని అవతలివి. తర్వాత రాస్తాను, కరెంటు పోయేలా ఉంది.

ఉద్దానం_పిక్క

మాస్టారూ, టీ గ్లాసు పని ఇప్పుడే చేశాను. గాజు పెడితే 36, కవరు పెడితే 62. అమ్మ వచ్చి "టీ తాగుతావా, దానితో ఆడుకుంటావా" అంది. అంతా సరే గానీ, ఆ అవతలివి ఏటి? ధర ఎంత ఉంటుంది? నేను వెతికితే "చాల్కోజెనైడ్" అని ఎర్ర గాజు ఒకటి కనపడింది, 6 మైక్రాన్ల దాకా అని రాసి ఉంది. అందులో ఆర్సెనిక్ అంటున్నారు, పప్పు మీద ఆర్సెనిక్ పెడితే నన్ను జైల్లో పెట్టరా?

గాజుపురుగు

మంచి ప్రశ్న వేశావు, చాలామంది ధర అడిగి ఆగిపోతారు.

గంధకం, సెలీనియం, టెల్లూరియంతో చేసే గాజులనే చాల్కోజెనైడ్ అంటారు, ఆ ఎర్ర గాజు ఆర్సెనిక్ సల్ఫైడ్. మన ఆయుర్వేదంలో తాళకం, హరిదళం అనేది ఖనిజ రూపంలో అదే పదార్థం, పసుపు రంగుకు పాతకాలపు చిత్రకారులు నూరేవారు. కరిగించి చల్లారిస్తే స్ఫటికం కట్టకుండా మాణిక్యం రంగు గాజు అవుతుంది. దీంతో ఫైబర్ తీసిన తొలివాళ్లలో మన పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఉన్నారు, 1965లోనే ఒక సహచరుడితో కలిసి. ఇప్పుడందరూ వాడే "ఫైబర్ ఆప్టిక్స్" అనే మాట పెట్టిందీ ఆయనే.

దీన్ని తయారు చేయడం ఒకసారి దగ్గరుండి చూస్తే ధర ఎందుకంతో అడగవు. గాలి తగిలితే ఆక్సిజన్ కలిసిపోతుంది, హైడ్రోజన్ జాడ ఉన్నా గంధకంతో కట్టుకుని సరిగ్గా 4 మైక్రాన్ల దగ్గర వెలుగును తినేస్తుంది. అందుకని ఆర్సెనిక్, గంధకం తూచి, మందపాటి సిలికా గొట్టంలో వేసి, గాలంతా లాగేసి, మంటతో మూతి మూసేస్తారు. ఆ గొట్టాన్ని ఊగే కొలిమిలో పెట్టి రాత్రంతా ఉయ్యాలలా ఊపుతారు, లోపలి ద్రవం అటూ ఇటూ పారుతూ కలుస్తుంది. వేడి తొందరగా పెంచామా, గంధకం ఆవిరి ఒత్తిడికి గొట్టం పేలుతుంది, నేనున్న గదిలో ఒకసారి పేలింది, కొలిమి మూత ఉండబట్టి సరిపోయింది గానీ ఆ వాసన వారం దాకా చొక్కాలను వదల్లేదు. బయటికి తీసిన కడ్డీ దీపానికి అడ్డం పట్టి చూస్తే దానిమ్మ గింజలా ఉంటుంది. సెలీనియం గాజైతే నల్లగా, బొగ్గులా ఉంటుంది, దానిలోంచి కంటికేమీ కనపడదు, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకి మాత్రం తేట నీళ్లు.

ఇక నీ లెక్క. ఆర్సెనిక్ సల్ఫైడ్ 6 మైక్రాన్ల దాకా అనుకుంటే 75 డిగ్రీల పప్పు వదిలే శక్తిలో నూటికి 8 వంతులు దాని పరిధిలోకి వస్తాయి. సెలీనియం గాజు (సెలీనైడ్) 10 దాకా పోతుంది, అప్పుడు నూటికి 38. కాగితం మీద బ్రహ్మాండం. కానీ మూడు ఇబ్బందులున్నాయి. సల్ఫైడ్ గాజు వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 2.4, అందుకని ఒక్కో చివర తాకిన వెలుగులో 17 శాతం వెనక్కి కొట్టేస్తుంది, పూత లేకపోతే రెండు చివర్లకూ కలిపి మూడో వంతు దాకా పోతుంది. రెండోది, నెట్ ఫైబర్‌లో నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్ (వెలుగు ఎంత తగ్గిందో చెప్పే కొలత) అయితే వీటిలో మీటరు మీటరుకీ పదోవంతు డెసిబెల్ నుంచి ఒక డెసిబెల్ దాకా ఉంటుంది. నీ మీటరున్నరకి ఫర్వాలేదనుకో.

మూడోది ఎవరూ చెప్పరు, వేడి కొలిచేవాడికి అదే ప్రాణం తీస్తుంది. వెలుగును ఎంత మింగే వస్తువు అంత వెలుగును వదులుతుంది కూడా. ఫర్నేసు దగ్గర ఫైబర్ వంద డిగ్రీలకు ఎక్కినా అది వదిలేది 1400 ముందు లెక్కలోకి రాదు. నీ దగ్గర ఫైబర్ కూడా బోర్మా వేడిలోనే ఉంటుంది, పప్పు కూడా అదే వేడి. ఫైబర్ మింగిన చోటల్లా తన సొంత వేడి కలుపుతుంది. చివరికి సెన్సర్‌కి అందేది కొంత పప్పు వేడి, కొంత ఫైబర్ వేడి. నువ్వు పప్పు కొలుస్తున్నానని గాలి కొలుస్తుంటావు, థర్మోకపుల్ దగ్గర మొదలైన కథ మళ్లీ అక్కడికే వస్తుంది.

ఆర్సెనిక్ గురించి: గాజులో కట్టుబడి ఉన్నది, చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. కానీ అది పెళుసు. విరిగి సూది ముక్కలు ట్రేలో పడితే? తినే వస్తువు మీద వేలాడదీయొద్దు, ఎవరు ఒప్పుకున్నా సరే, నేను ఒప్పుకోను.

వెండి క్లోరైడ్, బ్రోమైడ్ కలిపి తీసే ఫైబర్ ఒకటుంది, 4 నుంచి 18 మైక్రాన్ల దాకా పంపుతుంది, నీ పప్పు వెలుగులో నూటికి 75 దాకా దానికి చిక్కుతుంది, మెత్తగా వంగుతుంది, విషం కాదు. గది వేడి వస్తువులను ఫైబర్‌తో కొలవాలంటే ఇదే సరైనది. ఎండ తగిలితే నల్లబడుతుంది, పాత ఫొటో ఫిల్ములో ఉండేది ఆ ఉప్పే కదా. ఇత్తడి, స్టీలు బిగింపులను తినేస్తుంది కూడా. ధర మాత్రం నీ బోర్మా ధరతో పోల్చుకోవాల్సి వస్తుంది. ఇంకో మాట, అది గాజు కాదు, చిన్న చిన్న స్ఫటికాల కట్ట. దాన్ని గాజు అంటే నాకు నిద్ర పట్టదు.

లేజర్_రిపేరు (విజయనగరం)

నేను ఆసుపత్రుల్లో లేజర్ మిషన్లు బాగుచేస్తాను. గాజు మాస్టారు చెప్పినదంతా మా పనిలో రోజూ కనపడేదే. కిడ్నీ రాయి పగలగొట్టే హోల్మియం లేజర్ 2.1 మైక్రాన్లు, అది మామూలు సిలికా ఫైబర్‌లోనే పోతుంది, సరిగ్గా గుమ్మం మీద కూర్చున్నట్టు. పళ్ల డాక్టర్ల ఎర్బియం లేజర్ 2.94, అది సిలికాలో పోదు, జర్మేనియం గాజు ఫైబరో, నీలమణి కడ్డీయో కావాలి. చర్మం డాక్టర్ల సీఓటూ లేజర్ 10.6, దానికి చాలా మిషన్లలో ఫైబరే ఉండదు, మోచేతుల్లా మడిచే గొట్టాలు, ఒక్కో కీలు దగ్గర ఒక అద్దం. ఎవరో ట్రాలీ తగిలించి ఆ చేయిని కుదిపితే ఏడు అద్దాలూ మళ్లీ సరిచేయాలి, ఒక రోజంతా పోతుంది.

ఒకసారి ఒక ఆసుపత్రిలో ఎర్బియం ఫైబర్‌ను నెట్ కేబుల్ చుట్టినట్టు గుండ్రంగా చుట్టి డ్రాయరులో పెట్టారు. తీసి చూస్తే మూడు ముక్కలు. "మేం మెల్లగానే చుట్టాం" అంటారు. దాని ధర విన్నాక ఆ సిస్టరు గారు కుర్చీలో కూర్చుండిపోయారు.

నేను చెప్పదలచింది ఇది. 10 మైక్రాన్ల వెలుగును గాజు లోపలినుంచి కాకుండా గాజు గొట్టం బోలులోంచి పంపే పద్ధతి ఉంది, గొట్టం లోపల వెండి పూత, దాని మీద వెండి అయొడైడ్ పూత. వెలుగు గాలిలోనే పోతుంది, మింగడానికి మధ్యలో గాజు లేదు. నీకు అంత సోకు అక్కర్లేదు. నీకు కావలసింది అర మీటరు, అది కూడా తిన్నగా. లోపల నున్నగా ఉన్న లోహపు గొట్టం చాలు. ఇంత పొడుగు తరంగాలకి లోహం మంచి అద్దం. ఏసీ మెకానిక్ దగ్గర రాగి పైపు ముక్క అడుగు.

గాజుపురుగు

ఇది నాకు తట్టనందుకు సిగ్గుగా ఉంది. ఫైబర్ పురుగు పట్టినవాడికి గొట్టం కనపడదు.

లెక్క చూస్తే, 10 మిల్లీమీటర్ల బోలుకీ 400 మైక్రాన్ల ఫైబర్‌కీ వైశాల్యంలో 625 రెట్లు తేడా, అంత ఎక్కువ వెలుగు పడుతుంది. మెరిసే రాగి వెలుగు మింగదు కాబట్టి సొంత వేడి వదిలేదీ తక్కువే. జాగ్రత్తలు: గొట్టం లోపల మెరుపు ఉండాలి, చిలుము పట్టిందంటే అదీ వేడి వదలడం మొదలుపెడుతుంది. బయటి చివర పల్చటి పాలిథిన్ కట్టు, తేమ గాలి సెన్సర్ మీదికి రాకుండా. లోపలి చివర కట్టొద్దు, ఆ వేడికి సాగుతుంది. గొట్టం నోరు పప్పుకు దగ్గరగా ఉండాలి, లేకపోతే స్టీలు ట్రే అంచునూ చూస్తుంది. మెరిసే స్టీలు తన వేడి చెప్పదు, ఎదురుగా ఉన్నవాటి వేడి చెబుతుంది. గన్‌లో ఎమిసివిటీ (వస్తువు తన వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) అని ఉంటుంది, పప్పు అయితే దాన్ని 0.95 దగ్గర పెట్టుకో, సరిపోతుంది. బిగించాక బకెట్లో వేణ్నీళ్లు పోసి, మామూలు థర్మామీటరు ముంచి, రెండూ సరిచూసుకో.

పాత_బోర్మా (కాశీబుగ్గ)

బాబూ, 30 ఏళ్లుగా పప్పు ఆరబెడుతున్నాను, మైక్రాన్లు నాకు తెలీవు. వెనక మూల మాడుతోందంటే గాలి అక్కడికే కొడుతోందని. ట్రేలు గంటకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చండి. చేత్తో పప్పు విరిచి చూస్తే టక్‌మనాలి, మెత్తగా వంగితే ఇంకో అరగంట. దీనికి లేజర్ డాక్టర్లు దేనికి?

ఉద్దానం_పిక్క

కాకా, మీరు చెప్పినట్టు ట్రేలు మారుస్తూనే ఉన్నాం, రాత్రి షిఫ్టులో ఎవరూ మార్చరు, అదీ అసలు బాధ.

అప్‌డేట్, పది రోజుల తర్వాత. ఏసీ కుర్రాడు అర అంగుళం రాగి పైపు రెండడుగులు ఊరికే ఇచ్చాడు. లోపల గుడ్డ చుట్టిన చీపురుపుల్లతో చింతపండు, ఉప్పు వేసి తోమాను, దేవుడి చెంబు తోమినట్టు. కడిగి ఆరబెట్టి బోర్మా వెనక గోడకి కన్నం కొట్టి దూర్చాను. వేణ్నీళ్ల దగ్గర నాలుగు డిగ్రీలు తక్కువ చూపించింది, ఆ నాలుగూ కలుపుకుంటున్నాను. మొదటి రాత్రే తెలిసింది: తలుపు దగ్గర 70 ఉన్నప్పుడు వెనక మూల పప్పు 84 దాకా ఎక్కుతోంది, అది కూడా మొదటి రెండు గంటల్లో కాదు, నాలుగో గంట తర్వాత. అంటే తడి ఉన్నంతసేపు పప్పు తనను తాను చల్లబరుచుకుంటోంది, తడి అయిపోగానే వేడెక్కిపోతోంది. ఇప్పుడు నాలుగో గంటకి హీటరు తగ్గిస్తున్నాం. నిన్నటి లోడులో మాడినవి ఒక దోసెడు. నాన్నగారు ఏమీ అనలేదు, గొట్టం దగ్గరికెళ్లి ఒకసారి లోపలికి తొంగి చూసి వచ్చారు.

పది రోజులకే రాగి లోపల నల్లబడుతోంది మాస్టారూ, నెలకోసారి తోమాలేమో.

ఆ 400 మైక్రాన్ల ఫైబర్ మీటరున్నర అలాగే పడి ఉంది. గరివిడి అన్నకి ఏమైనా పనికొస్తుందా?

ఫర్నేస్_పక్కన (గరివిడి)

పనికొస్తుందా ఏమిటి తమ్ముడూ, మాది పోయినవారమే పగిలింది. పంపించు, కొరియర్ ఖర్చు నాది. రెండు చివర్లకీ టోపీలు పెట్టి, పెద్ద గుండ్రంగా చుట్టు, డ్రాయరులో పెట్టినట్టు కాదు.